సీటీ స్కాన్‌లో వికిరణ మోతాదు, రోగి భద్రత

కంప్యూటెడ్ టోమోగ్రఫీ, అంటే వాడుకలోని సీటీ స్కాన్, శరీరం చుట్టూ తిరిగే ఎక్స్‌రే గొట్టం నుంచి వెలువడిన కిరణాలు శరీరాన్ని దాటి అవతలి వైపు ఎంత తీవ్రతతో చేరుతున్నాయో వందల కోణాల నుంచి కొలిచి, ఆ కొలతల నుంచి కంప్యూటర్ లెక్కకట్టి అడ్డుకోత చిత్రాలను రూపొందించే రోగనిర్ణయ పద్ధతి. తలకు దెబ్బ తగిలినవారిలో రక్తస్రావాన్ని నిమిషాల్లో పట్టివ్వడం, ఊపిరితిత్తుల రక్తనాళాల్లో అడ్డుపడిన గడ్డను చూపడం, క్యాన్సర్ ఎంతవరకు పాకిందో తేల్చడం వంటి పనుల్లో దీనికి సాటి రాగల పరీక్షలు తక్కువ. అయితే ఇందులో వాడే కిరణాలు పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొట్టగల అయనీకరణ వికిరణం కనుక, ప్రతి స్కాన్‌లోనూ రోగి శరీరం కొంత వికిరణాన్ని గ్రహించక తప్పదు. ఈ మోతాదు ఇంతకు మించరాదని రోగి విషయంలో చట్టం హద్దు పెట్టలేదు; అదే గదిలో పనిచేసే టెక్నీషియన్‌కు మాత్రం ఏడాదికి ఎంత మించరాదో స్పష్టంగా చెప్పింది. ఇది చట్టం మరచిపోయిన విషయం కాదు. ప్రాణాపాయంలో ఉన్న మనిషికి అవసరమైన పరీక్షను ఒక అంకెను చూపి ఆపకూడదన్న ఆలోచనతో కావాలనే వదిలిన ఖాళీ అది. ఆ ఖాళీని పూడ్చవలసినవి పరీక్ష రాసే వైద్యుడి విచక్షణ, యంత్రాన్ని నడిపే టెక్నీషియన్ నేర్పు, వాడిన మోతాదును నమోదు చేసి తిరిగి చూసుకునే అలవాటు. ఈ మూడింటిలో ఏది సడలినా దాన్ని సరిదిద్దే శక్తి యంత్రానికి ఒంటరిగా లేదని సీటీ చరిత్ర చెబుతుంది.

పుట్టుక, వేగం

ఇంగ్లండ్‌లో ఈఎంఐ సంస్థ పరిశోధనశాలలో ఇంజనీరుగా ఉన్న గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ రూపొందించిన యంత్రంతో 1971 అక్టోబర్ 1న లండన్ నగరంలోని వింబుల్డన్ ప్రాంతంలో ఉన్న అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో, మెదడులో కణితి ఉందని అనుమానించిన ఒక మహిళకు తొలి స్కాన్ తీశారు. ఇలాంటి చిత్రాన్ని లెక్కల ద్వారా తిరిగి కట్టవచ్చని దక్షిణాఫ్రికాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన అలన్ కార్మాక్ అంతకు కొన్నేళ్ల ముందే వేరుగా నిరూపించగా, ఇద్దరికీ కలిపి 1979లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి దక్కింది. తొలి యంత్రం ఇచ్చిన చిత్రంలో నిలువునా అడ్డంగా 80 చొప్పున మాత్రమే గళ్లు ఉండేవి, ఒక్కో కోతకు దాదాపు 5 నిమిషాలు పట్టేది. 1989లో బల్ల ముందుకు జరుగుతుండగానే గొట్టం ఆగకుండా తిరిగే సర్పిల స్కానింగ్, 1998లో ఒకే చుట్టులో నాలుగు కోతలు తీసే యంత్రాలు వచ్చాక పరీక్ష స్వరూపమే మారిపోయింది. ఇప్పుడు ఛాతీ మొత్తాన్ని ఒక్కసారి ఊపిరి బిగబట్టే వ్యవధిలో తీయగలరు.

ఈ వేగం రోగికి మేలు చేసింది గాని, అంతకుముందు పరోక్షంగా మోతాదును అదుపులో ఉంచిన ఒక పగ్గాన్ని కూడా తెంచింది. పాత యంత్రాల్లో గొట్టం వేడెక్కిపోవడం వల్ల, రోగి ఎక్కువసేపు కదలకుండా ఉండలేకపోవడం వల్ల ఎన్ని కోతలు తీయాలో ముందే ఆలోచించుకోవలసి వచ్చేది. ఇప్పుడు మెడ నుంచి తొడల దాకా తీయడానికీ ఒక్క పొట్ట తీయడానికీ పట్టే సమయంలో తేడా కొన్ని సెకన్లే కనుక, అవసరమైన దానికన్నా నాలుగు వేళ్లు ఎక్కువగా, ఒకసారి సరిపోయేచోట మూడుసార్లు తీయడం సులువైంది.

సీటీకి, మామూలు ఎక్స్‌రేకి మధ్య మరో ముఖ్యమైన తేడా ఉంది. ఫిల్ముతో తీసే ఎక్స్‌రేలో కిరణాలు ఎక్కువైతే ఫిల్ము నల్లబడి పనికిరాకుండా పోయేది, కాబట్టి పొరపాటు వెంటనే కంటపడేది. సీటీలో కిరణాలు ఎక్కువైనకొద్దీ చిత్రంలోని గరుకుదనం తగ్గి మరింత నునుపుగా, అందంగా కనిపిస్తుంది. మోతాదు అవసరానికి రెట్టింపు అయినా చిత్రం చూసిన రేడియాలజిస్టుకు సందేహించడానికి కారణం కనిపించదు, పైగా మెచ్చుకోవడానికే కనిపిస్తుంది. సీటీలో అధిక మోతాదు దీర్ఘకాలం బయటపడకుండా ఉండడానికి ఇదే మూలకారణం.

మోతాదును కొలిచే తీరు

ఒక కిలో కణజాలం గ్రహించిన శక్తి ఒక జౌల్ అయితే ఆ శోషిత మోతాదును ఒక గ్రే అంటారు. సీటీలో ఎదురయ్యేవి దానిలో వెయ్యో వంతైన మిల్లీగ్రేలు. అన్ని అవయవాలూ వికిరణానికి ఒకే తీరుగా స్పందించవు. ఎముక మజ్జ, ఊపిరితిత్తులు, పెద్దపేగు, జీర్ణకోశం, రొమ్ము ఎక్కువ సున్నితమైనవి, చర్మం, మెదడు అంతకన్నా తక్కువ. అంతర్జాతీయ వికిరణ రక్షణ సంఘం 2007 సిఫార్సుల్లో మొదటి ఐదింటికీ 0.12 చొప్పున, థైరాయిడ్, కాలేయం వంటివాటికి 0.04, చర్మానికి, మెదడుకు 0.01 చొప్పున భారాలు కేటాయించింది. ఒక్కో అవయవం పొందిన మోతాదును దాని భారంతో గుణించి అన్నింటినీ కూడగా వచ్చేది ప్రభావ మోతాదు, దాని ప్రమాణం సీవర్ట్. నేల నుంచి, ఆకాశం నుంచి, తినే తిండి నుంచి, పీల్చే రేడాన్ వాయువు నుంచి మనిషికి సహజంగా అందే వికిరణం ప్రపంచ సగటున ఏడాదికి 2.4 మిల్లీసీవర్టులు. కేరళ తీరంలో మోనజైట్ ఇసుక పరుచుకున్న కరునాగపల్లి వంటి చోట్ల అది ఈ సగటుకు ఎన్నో రెట్లు ఎక్కువ.

యంత్రం తెరమీద కనిపించే అంకెలు మాత్రం వేరు. స్కాన్ ముగియగానే చిత్రాలతో పాటు మోతాదు పట్టిక ఒకటి తయారవుతుంది, అందులో ప్రతి విడత స్కాన్‌కు రెండు అంకెలు ముఖ్యం. మొదటిది సీటీడీఐ: అక్రిలిక్ ప్లాస్టిక్‌తో చేసిన స్తంభంలో, మధ్యలోనూ అంచుల్లోనూ రంధ్రాలు చేసి పెన్సిలంత కొలత పరికరాన్ని దూర్చి, ఆ యంత్రం అదే అమరికతో ఎంత మోతాదు ఇస్తుందో కొలిచిన విలువ. తలకు 16 సెంటీమీటర్ల వ్యాసం గల స్తంభాన్ని, ఛాతీకీ పొట్టకూ 32 సెంటీమీటర్ల స్తంభాన్ని వాడతారు. రెండోది డీఎల్‌పీ, అంటే సీటీడీఐని స్కాన్ చేసిన పొడవుతో గుణించిన విలువ. ఉదాహరణకు పెద్దవారి తల స్కాన్‌కు సీటీడీఐ 50 మిల్లీగ్రేలు, పొడవు 16 సెంటీమీటర్లు అయితే డీఎల్‌పీ 800. దీన్ని తలకు నిర్ణయించిన 0.0021 గుణకంతో గుణిస్తే దాదాపు 1.7 మిల్లీసీవర్టులు వస్తుంది. పొట్టకు సీటీడీఐ 12 మాత్రమే అయినా పొడవు 45 సెంటీమీటర్లు కనుక డీఎల్‌పీ 540, గుణకం 0.015 కనుక ప్రభావ మోతాదు 8 మిల్లీసీవర్టులు దాటుతుంది. తలకు వాడిన కిరణాల తీవ్రత నాలుగింతలైనా, దారిలో సున్నితమైన అవయవాలు తక్కువ కనుక లెక్క తారుమారైంది. అదే పొట్టకు, రక్తనాళాలను ప్రస్ఫుటం చేసే అయోడిన్ కాంట్రాస్ట్ మందు ఎక్కించక ముందు ఒకసారి, ఎక్కించాక రెండుసార్లు తీస్తే మొత్తం 24 మిల్లీసీవర్టులవుతుంది, అంటే దాదాపు పదేళ్ల సహజ వికిరణం.

ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు ఒకటుంది. పట్టికలో ఉన్న సీటీడీఐ రోగి పొందిన మోతాదు కాదు, ప్లాస్టిక్ స్తంభం పొందిన మోతాదు. సన్నని శరీరంలో కిరణాలను అడ్డుకునే కణజాలం తక్కువ కనుక లోపలి అవయవాలకు అవి ఎక్కువగా చేరతాయి. అమెరికా వైద్య భౌతిక శాస్త్రవేత్తల సంఘం 2011లో ప్రచురించిన నివేదిక ఈ తేడాను సరిచేసే గుణకాలను ఇచ్చింది. వాటి ప్రకారం నడుము దగ్గర సగటు వ్యాసం 15 సెంటీమీటర్లున్న పిల్లవాడి పొట్టకు, 32 సెంటీమీటర్ల స్తంభం ఆధారంగా తెర 10 మిల్లీగ్రేలు చూపితే, నిజానికి అందేది 21 మిల్లీగ్రేలు. 22 సెంటీమీటర్ల వ్యాసం గల సన్నని పెద్దమనిషికైనా అది 16 దాటుతుంది. భారీ శరీరాలున్న దేశాల్లో తయారైన అమరికలను మార్చకుండా వాడే చోట ఈ తేడా పట్టించుకోదగినది.

హాని స్వభావం

వికిరణం చేసే హాని రెండు రకాలు. ఒక పరిమితి దాటాకే కనిపించి, మోతాదు పెరిగినకొద్దీ తీవ్రమయ్యేవి మొదటి రకం: చర్మానికి దాదాపు 2 గ్రేలు తగిలితే కందడం, 3 గ్రేలకు వెంట్రుకలు తాత్కాలికంగా రాలడం వంటివి. సరైన అమరికలతో తీసిన మామూలు సీటీ ఈ హద్దుల దరిదాపులకు కూడా రాదు. రెండో రకం అవకాశానికి సంబంధించినది. కిరణాలు డీఎన్‌ఏ పోగులను తెంచినప్పుడు కణం చాలావరకు బాగుచేసుకుంటుంది. తప్పుగా అతికిన చోట ఏళ్ల తరవాత క్యాన్సర్‌కు బీజం పడవచ్చు. ఇక్కడ మోతాదుతో పెరిగేది జబ్బు తీవ్రత కాదు, అది వచ్చే అవకాశం.

ఈ అవకాశాన్ని లెక్కకట్టడానికి ప్రధాన ఆధారం హిరోషిమా, నాగసాకి అణుదాడుల్లో బతికి బయటపడినవారిని 1950 నుంచి అనుసరిస్తూ వస్తున్న అధ్యయనం. ఎక్కువ మోతాదుల దగ్గర కనిపించిన సంబంధాన్ని సరళరేఖగా సున్నా దాకా పొడిగించి, ఎంత చిన్న మోతాదుకైనా అంత చిన్న ప్రమాదం ఉంటుందని భావించడం రక్షణ రంగంలో ఆనవాయితీ. ఆ లెక్కన ప్రాణాంతక క్యాన్సర్ ప్రమాదం సీవర్టుకు దాదాపు 5 శాతం, అంటే 10 మిల్లీసీవర్టుల స్కాన్ తీయించుకున్న 2,000 మందిలో ఒకరికి. వికిరణంతో నిమిత్తం లేకుండానే ఆ 2,000 మందిలో కొన్ని వందలమందికి జీవితకాలంలో క్యాన్సర్ వస్తుంది కనుక, అదనంగా వచ్చిన ఆ ఒక్కరినీ విడిగా గుర్తించడం సాధ్యం కాదు. పైగా ఈ గుణకాలు అన్ని వయసులవారినీ కలిపి తీసిన సగటులు. డెబ్బయ్యేళ్ల మనిషికీ ఐదేళ్ల పాపకూ ఒకే అంకె చెప్పడం ఆ గుణకాలను తయారుచేసిన అంతర్జాతీయ వికిరణ రక్షణ సంఘమే వద్దన్న పని.

చాలాకాలం ఇదంతా అంచనాగానే ఉండిపోయింది. 2012లో లాన్సెట్ పత్రికలో వచ్చిన బ్రిటిష్ అధ్యయనం సీటీ తీయించుకున్న దాదాపు 1,80,000 మంది పిల్లలు, యువకుల వివరాలను పరిశీలించి, ఎముక మజ్జకు మొత్తం 50 మిల్లీగ్రేల దాకా అందినవారిలో లుకేమియా, మెదడుకు 60 మిల్లీగ్రేల దాకా అందినవారిలో మెదడు కణితులు దాదాపు మూడింతలు కావచ్చని తేల్చింది. మరుసటి ఏడాది ఆస్ట్రేలియాలో 6,80,000 మందిపై వచ్చిన అధ్యయనంలో స్కాన్ తీయించుకున్నవారిలో క్యాన్సర్లు 24 శాతం ఎక్కువగా కనిపించాయి. వీటిపై వచ్చిన విమర్శ కొట్టిపారేయదగినది కాదు: అప్పటికే కణితి మొదలై దాని లక్షణాలు కనిపించినందుకే పిల్లవాడికి స్కాన్ తీసి ఉండవచ్చు, అప్పుడు కారణమూ ఫలితమూ తారుమారవుతాయి. తొమ్మిది ఐరోపా దేశాల నుంచి దాదాపు పది లక్షలమంది వివరాలు సేకరించిన ఎపి-సీటీ అధ్యయనం ఇలాంటి అభ్యంతరాలను దృష్టిలో పెట్టుకుని, స్కాన్ తరవాతి తొలి ఏళ్లలో బయటపడిన కేసులను పక్కనపెట్టి లెక్కకట్టినా 2023లో వెలువడిన ఫలితాల్లో రక్త క్యాన్సర్లకు, మెదడు కణితులకు మోతాదుతో సంబంధం నిలిచింది. మూడింతలు అన్న మాట వినడానికి భయంకరంగా ఉన్నా, పిల్లల్లో ఈ జబ్బులు మొదటే అరుదు. చిన్న సంఖ్య మూడింతలైనా చిన్నదే. బ్రిటిష్ పరిశోధకుల అంచనా ప్రకారం పదేళ్లలోపు 10,000 మంది పిల్లలకు ఒక్కొక్క తల స్కాన్ తీస్తే, ఆ తరవాతి పదేళ్లలో అదనంగా వచ్చేది ఒక లుకేమియా కేసు, ఒక మెదడు కణితి. ప్రమాదం ఉందని ఒప్పుకుంటూనే అది ఎంత చిన్నదో చెప్పడం ఈ రంగంలో అన్నిటికన్నా కష్టమైన పని.

లాస్ ఏంజిల్స్ ఘటన

అమరికలో ఒక్క పొరపాటు ఎంతదూరం పోగలదో 2009లో లాస్ ఏంజిల్స్‌లోని సీడర్స్-సైనాయ్ వైద్యకేంద్రంలో బయటపడింది. పక్షవాతం అనుమానించినవారికి మెదడులో రక్తప్రసరణ తీరును చూసేందుకు పెర్ఫ్యూజన్ స్కాన్ తీస్తారు. ఇందులో కాంట్రాస్ట్ మందు మెదడులోకి వచ్చి పోయేదాకా ఒకే చోటును మళ్లీమళ్లీ తీయవలసి ఉంటుంది కనుక, ఒక్కో విడత మోతాదు చాలా తక్కువగా ఉంచాలి. 2008 ఫిబ్రవరిలో ఆ ఆసుపత్రిలో మరింత సమాచారం రాబట్టాలని ఈ స్కాన్ అమరికను మార్చినప్పుడు, యంత్రంలో ముందే పొందుపరచిన ఒక అమరిక ఎలా పనిచేస్తుందో సరిగా అర్థం చేసుకోలేదు. ఫలితంగా 18 నెలలపాటు 206 మంది రోగులకు ఉద్దేశించిన దానికి దాదాపు ఎనిమిది రెట్లు, అంటే అర గ్రే అందవలసిన చోట మూడు నాలుగు గ్రేల మోతాదు తగిలింది. 2009 ఆగస్టులో ఒక రోగి తన జుట్టు కుచ్చులుగా ఊడుతోందని చెప్పేదాకా ఎవరికీ అనుమానం రాలేదు. బాధితుల్లో దాదాపు 40 శాతం మందికి జుట్టు రాలినట్టు తరవాత తేలింది. అదే ఏడాది అక్టోబర్‌లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ దేశవ్యాప్తంగా హెచ్చరిక జారీచేశాక ఇతర ఆసుపత్రుల్లోనూ ఇలాంటి సంగతులు వెలుగుచూశాయి.

ఈ ఘటనలో యంత్రం చెడిపోలేదు, ఎవరూ నియమాన్ని కావాలని మీరలేదు. ప్రతి స్కాన్ ముందూ తెరమీద సీటీడీఐ అంకె కనిపిస్తూనే ఉంది. అది ఎంత ఉండాలో తెలిసిన కన్ను దానిమీద పడలేదు, అంతే. చిత్రాలు బాగానే ఉన్నాయి కనుక వాటిని చదివినవారూ ఏమీ అనలేదు. దీని తరవాత తయారీదారులు నిర్ణీత విలువ దాటగానే హెచ్చరించి, టెక్నీషియన్ కారణం నమోదు చేస్తేనే ముందుకు పోనిచ్చే ఏర్పాటును యంత్రాల్లో చేర్చారు. కాలిఫోర్నియా 2010లో చట్టం చేసి, 2012 జులై నుంచి ప్రతి సీటీ రిపోర్టులో మోతాదు రాయడాన్ని తప్పనిసరి చేసింది. హెచ్చరిక పదేపదే వస్తే చూడకుండానే బటన్ నొక్కేయడం మనుషులకు అలవాటవుతుందన్నది వేరే సంగతి.

స్కాన్ గదిలో మోతాదు నిర్ణయమయ్యే తీరు

చిత్రంలోని గరుకుదనం మోతాదు వర్గమూలానికి విలోమంగా మారుతుంది, అంటే గరుకుదనాన్ని సగానికి తగ్గించాలంటే మోతాదును నాలుగింతలు చేయాలి. నునుపు మీద మోజుకు చెల్లించే ధర ఇంత ఎక్కువ కనుక, ఏ ప్రశ్నకు ఎంత గరుకు చిత్రం సరిపోతుందో తెలుసుకోవడమే మోతాదు తగ్గించడంలో అసలు నేర్పు. మూత్రపిండంలో రాయి చుట్టూ ఉన్న కణజాలం కన్నా ఎంతో దట్టం, ఊపిరితిత్తి గాలితో నిండినది కనుక అందులో చిన్న గడ్డ కూడా తేలిగ్గా కనబడుతుంది. ఈ రెంటికీ తక్కువ మోతాదు చాలు. కాలేయంలో చుట్టూ ఉన్న కణజాలంతో ఇంచుమించు కలిసిపోయే చిన్న కణితిని వెతకాలంటే చాలదు. మోతాదు మరీ తగ్గి, రోగం కనిపించక స్కాన్ మళ్లీ తీయవలసి వస్తే అది పొదుపు కాదు.

గొట్టంలో పారే విద్యుత్తును సగం చేస్తే మోతాదు సగమవుతుంది. వోల్టేజీని 120 నుంచి 100 కిలోవోల్టులకు దించితే మిగతావన్నీ అలాగే ఉన్నప్పుడు మోతాదు దాదాపు మూడో వంతు తగ్గడమే గాక, రక్తనాళాల్లోని అయోడిన్ మందు ఇంకా ప్రస్ఫుటంగా కనిపిస్తుంది. శరీరం మందాన్ని బట్టి విద్యుత్తును తనంతట తాను హెచ్చుతగ్గులు చేసుకునే ఏర్పాటు ఇప్పటి యంత్రాలన్నింటిలోనూ ఉంది, దానివల్ల భుజాల దగ్గర పెరిగిన మోతాదు ఊపిరితిత్తుల దగ్గర తగ్గుతుంది. కాని ఈ తెలివి కూడా బల్ల ఎత్తుపై ఆధారపడినదే. రోగిని పడుకోబెట్టాక టెక్నీషియన్ లేజర్ గీతలు శరీరం మందంలో సగం ఎత్తుకు వచ్చేలా బల్లను సర్దాలి. రోగి గొట్టానికి దగ్గరగా ఉన్నప్పుడు తీసిన ప్రాథమిక చిత్రంలో శరీరం ఉన్నదానికన్నా పెద్దగా పడుతుంది, యంత్రం లావు మనిషి అనుకుని మోతాదు పెంచేస్తుంది. దూరమైతే చిన్నగా పడి మోతాదు తగ్గి చిత్రం చెడుతుంది. పొట్ట స్కాన్‌లో చేతులు తలపైకి చాపమనడానికి కారణం కూడా ఇలాంటిదే: పక్కన ఉన్న చేతుల ఎముకలు కిరణాలను అడ్డుకుని మోతాదును పెంచడమే గాక చిత్రంలో చారలు కూడా వేస్తాయి. వేళకు ఇద్దరు ముగ్గురు రోగులు వరుసలో వేచి ఉన్న స్కానింగ్ సెంటర్‌లో ముందుగా కొరవడేది ఈ అరనిమిషం శ్రద్ధే.

2010 ప్రాంతం నుంచి వాడుకలోకి వచ్చిన పునరావృత్త గణన పద్ధతులు, ఇటీవలి కృత్రిమ మేధ పద్ధతులు తక్కువ కిరణాల నుంచి కూడా చదవదగిన చిత్రాన్ని రాబడుతున్నాయి. ఒక్కో ఎక్స్‌రే ఫోటాన్‌ను విడిగా లెక్కించే కొత్త తరం గ్రాహకాలతో కూడిన యంత్రానికి 2021 సెప్టెంబర్‌లో అమెరికాలో అనుమతి లభించింది. అవయవాల మీద సీసపు లేదా బిస్మత్ కవచాలు కప్పడం మాత్రం పాత పద్ధతి అయిపోయింది. శరీరం లోపలే చెదిరే కిరణాలను బయటి కవచం ఆపలేదు, పైగా అది స్కాన్ దారిలో పడితే యంత్రం మోతాదును పెంచుతుంది కనుక, జననాంగాలపై కవచం వేయడం మానుకోవచ్చని అమెరికా వైద్య భౌతిక శాస్త్రవేత్తల సంఘం 2019లో ప్రకటించింది. రోగి ధైర్యం కోసం కప్పే చోట్లు ఇంకా చాలానే ఉన్నాయి.

పిల్లలు, గర్భిణులు

పిల్లల కణాలు త్వరగా విభజన చెందుతాయి, క్యాన్సర్ బయటపడడానికి వారికి మిగిలిన ఆయుష్షు ఎక్కువ, శరీరం చిన్నది కనుక అదే అమరికకు అందే మోతాదు ఎక్కువ. మూడు కారణాలూ ఒకే వైపు మొగ్గుతాయి. అమెరికాలో చాలాచోట్ల పెద్దవారి అమరికలతోనే పిల్లలకూ స్కాన్లు తీస్తున్నారని 2001లో వెలువడిన వ్యాసాలు చూపాక కలకలం రేగి, 2008లో ఇమేజ్ జెంట్లీ పేరుతో పిల్లల బరువుకు తగ్గట్టు మోతాదు తగ్గించే ప్రచారం మొదలైంది. తలకు దెబ్బ తగిలిన పిల్లల్లో ఎవరికి స్కాన్ అవసరమో తేల్చడానికి 42,412 మంది వివరాలతో 2009లో వెలువడిన అధ్యయనం స్పృహ తీరు, వాంతులు, పుర్రె ఎముక విరిగిన గుర్తులు, పడిన ఎత్తు వంటి కొన్ని ప్రశ్నలతోనే చాలామందికి స్కాన్ అక్కర్లేదని సురక్షితంగా చెప్పవచ్చని చూపింది. ఆ పిల్లల్లో పట్టించుకోదగిన మెదడు గాయం ఉన్నవారు 100కు ఒకరికన్నా తక్కువ.

గర్భిణికి తల లేదా ఛాతీ స్కాన్ తీసినప్పుడు కిరణాల పుంజం గర్భాశయం మీద పడదు కనుక పిండానికి చేరేది సాధారణంగా ఒక మిల్లీగ్రేలోపే. పొట్ట, కటి భాగం స్కాన్‌లో అది 10 నుంచి 25 మిల్లీగ్రేల మధ్య ఉండవచ్చు. 100 మిల్లీగ్రేలకు లోబడిన మోతాదు గర్భం తొలగించుకోవడానికి కారణం కాదన్నది అంతర్జాతీయ వికిరణ రక్షణ సంఘం స్పష్టమైన వైఖరి. గర్భం సంగతి తెలియకముందు ఒక స్కాన్ తీయించుకున్నందుకు భయపడి, ఎవరో చెప్పిన మాట విని గర్భం తీయించుకోవడం వికిరణం చేయగల హానికన్నా పెద్ద హాని. వికిరణమే లేని అల్ట్రాసౌండ్, ఎంఆర్‌ఐ పనికొచ్చే చోట వాటిని ముందు వాడాలన్నది వేరుగా చెప్పనక్కర్లేదు.

అవసరం తేల్చడం

మోతాదును పూర్తిగా సున్నా చేసే మార్గం ఒక్కటే, అవసరం లేని స్కాన్‌ను తీయకపోవడం. అవసరమైన స్కాన్ వల్ల దొరికే మేలు పైన చెప్పిన 2,000లో ఒకటి వంటి ప్రమాదాన్ని ఎంతో దూరంలో వదిలేస్తుంది. అమెరికాలో 53,454 మంది ఎక్కువగా పొగతాగుతున్న, గతంలో తాగిన వారిపై జరిపిన పరిశీలన, తక్కువ మోతాదు ఛాతీ సీటీతో ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు 20 శాతం తగ్గాయని 2011లో తేల్చింది. ఆ స్కాన్‌కు వాడిన మోతాదు సగటున 1.5 మిల్లీసీవర్టులు. అదే స్కాన్‌ను ఎన్నడూ పొగతాగని నలభయ్యేళ్ల మనిషికి హెల్త్ చెకప్ ప్యాకేజీలో కలిపి ఇస్తే మేలు మాయమవుతుంది, మోతాదు మిగులుతుంది.

2021లో కోవిడ్ రెండో వేవ్ సమయంలో ఈ ప్రశ్న తెలుగు రాష్ట్రాలతో సహా దేశమంతటా ఇళ్లలోకి వచ్చింది. ఆర్‌టీపీసీఆర్ ఫలితం రావడం ఆలస్యమవుతుండగా స్వల్ప లక్షణాలున్నవారు కూడా ఛాతీ సీటీకి పరుగెత్తారు. ఊపిరితిత్తులు ఎంత దెబ్బతిన్నాయో చెప్పే సీటీ స్కోరు 25కు ఎంత వచ్చిందన్నది ఫోన్ సంభాషణల్లో మార్కుల్లా వినబడేది. మే నెలలో అప్పటి ఎయిమ్స్ డైరెక్టర్ రణదీప్ గులేరియా ఒక సీటీ 300 నుంచి 400 ఛాతీ ఎక్స్‌రేలకు సమానమని, స్వల్ప లక్షణాలున్నవారికి దానివల్ల ప్రయోజనం లేదని హెచ్చరించగా, ఆ పోలిక పాతబడిన లెక్కని భారత రేడియాలజిస్టుల సంఘం అభ్యంతరం చెప్పింది. ఛాతీ ఎక్స్‌రేను 0.02 మిల్లీసీవర్టులుగా, సీటీని 6గా తీసుకుంటే 300 వస్తుంది, ఎక్స్‌రేను 0.1గా, తక్కువ మోతాదు సీటీని ఒకటిగా తీసుకుంటే పదే వస్తుంది. యంత్రాన్ని, అమరికను బట్టి రెండు వాదాలకూ అంకెలు దొరుకుతాయి. స్వల్ప జ్వరం ఉన్న మనిషికి చికిత్సను మార్చని స్కాన్ ఎందుకన్న అసలు ప్రశ్న మాత్రం ఆ గొడవలో వెనక్కి పోయింది.

స్కాన్ రాసినందుకు వైద్యుడికి కమీషన్ ముట్టే చోట అవసరం తేల్చడం అన్న మాటకు అర్థమే ఉండదు. భారత వైద్య మండలి 2002 నైతిక నియమావళి ఇలాంటి చెల్లింపులను నిషేధించింది. నిషేధం కాగితం మీద బలంగానే ఉంది.

భారతదేశంలో నియంత్రణ

దేశంలో వికిరణ భద్రతను 1983 నవంబర్ 15న ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి, 1962 అణుశక్తి చట్టం కింద 2004లో చేసిన వికిరణ రక్షణ నియమాల ప్రకారం పర్యవేక్షిస్తుంది. సీటీ యంత్రం మండలి ఆమోదించిన నమూనా అయి ఉండాలి, గది గోడల మందం నుంచి తలుపు సీసపు పొర దాకా ప్రణాళిక సరిపోవాలి, అర్హత గల వికిరణ భద్రతాధికారి ఉండాలి, అప్పుడే నడపడానికి లైసెన్సు ఇస్తారు. సిబ్బంది ఛాతీ దగ్గర తగిలించుకునే, తమకు అందిన మోతాదును కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జీని మూడు నెలలకోసారి పరీక్షకు పంపుతారు. వారికి అయిదేళ్లలో 100, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 మిల్లీసీవర్టులకు మించరాదు. సాధారణ ప్రజలకు ఈ హద్దు ఏడాదికి ఒక మిల్లీసీవర్టు, రోగితో వచ్చి స్కాన్ గది బయట కూర్చున్నవారు దీని కిందికే వస్తారు.

రోగుల విషయంలో హద్దుకు బదులు వాడేది నిర్దేశ స్థాయి. ఒక దేశంలోనో ప్రాంతంలోనో ఎన్నో కేంద్రాలు ఒకే పరీక్షకు వాడే మోతాదులను సేకరించి, వాటిలో నాలుగింట మూడొంతులు దేనికి లోబడి ఉన్నాయో ఆ విలువను స్థాయిగా ప్రకటిస్తారు. తరచూ దాన్ని దాటే కేంద్రం తన అమరికలను తిరిగి చూసుకోవాలి. ఒక రోగికి దాటినంత మాత్రాన తప్పు జరిగినట్టు కాదు. అమెరికా రేడియాలజీ కళాశాల పెద్దల తల స్కాన్‌కు 75, పొట్టకు 25 మిల్లీగ్రేలు స్థాయిగా పెట్టింది.

వికిరణమే సీటీలో ఉన్న ప్రమాదం కాదు. రక్తనాళంలోకి ఎక్కించే అయోడిన్ మందుకు కొద్దిమందిలో తీవ్రమైన అలర్జీ రావచ్చు, మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారిలో అది వాటిపై భారం వేయవచ్చు. స్కాన్‌కు ముందు క్రియాటినిన్ పరీక్ష అడగడానికి, షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వాడుతున్నారా అని విచారించడానికి కారణం ఇదే. కాంట్రాస్ట్ ఎక్కించాక వచ్చే ప్రాణాపాయం నిమిషాల్లో వస్తుంది, వికిరణం తెచ్చేది దశాబ్దాల తరవాత. గదిలో అడ్రినలిన్ ఇంజెక్షన్ సిద్ధంగా ఉందా అన్న ప్రశ్న మిల్లీసీవర్టుల లెక్కకు తీసిపోదు.

మోతాదు నమోదు దగ్గర వ్యవస్థ ఇంకా వెనకబడే ఉంది. ఐరోపా సమాఖ్య 2013లో జారీచేసిన ఆదేశం 2018 నుంచి రోగి మోతాదు సమాచారాన్ని రిపోర్టులో భాగం చేసింది. మన దేశంలో రోగి ఒక ఊళ్లో తీసిన ఫిల్ములను పెద్ద కవరులో పెట్టుకుని మరో ఊరి ఆసుపత్రికి వెళితే, ఆ ఫిల్ములను పక్కనపెట్టి స్కాన్ మళ్లీ తీయించడం మామూలే. సీడీ ఇవ్వకపోవడం, ఇచ్చినా అక్కడి కంప్యూటర్‌లో తెరుచుకోకపోవడం, పాత చిత్రం నాణ్యతపై నమ్మకం లేకపోవడం దీనికి చెప్పే కారణాలు. మోతాదు పట్టిక చాలాసార్లు ఫిల్ము మీదికి ఎక్కకుండా యంత్రంలోనే ఉండిపోతుంది.

భారతీయ మూలాలున్న వైద్య భౌతిక శాస్త్రవేత్త మదన్ రెహానీ బృందం 324 ఆసుపత్రుల్లో 25 లక్షల మంది రోగుల నమోదులను పరిశీలించినప్పుడు, వారిలో 1.33 శాతం మందికి కొన్నేళ్ల వ్యవధిలో సీటీల ద్వారానే 100 మిల్లీసీవర్టులు, అంతకు పైగా అందినట్టు తేలింది. ఇంత పోగుపడిన రోగికి తరవాతి స్కాన్ నిరాకరించాలా అన్నదానిపై నిపుణుల్లో భేదాభిప్రాయం ఉంది. సరళరేఖ సూత్రాన్ని నమ్మితే నిన్నటి పది స్కాన్లు రేపటి స్కాన్ అదనంగా తెచ్చే ప్రమాదాన్ని పెంచవు, కాబట్టి పాత మొత్తాన్ని చూపి అవసరమైన పరీక్షను ఆపడం తర్కానికి నిలవదు. పాత నమోదు ఉపయోగపడేది మరోచోట: గత నెల తీసిన స్కానే ఈరోజు అడిగే ప్రశ్నకు జవాబు చెబుతుందా అని చూడడానికి, ఒకే జబ్బుకు మళ్లీమళ్లీ స్కాన్లు తీయించుకోవలసిన లింఫోమా, క్రోన్స్ వ్యాధి రోగులకు మొదటి నుంచే ఎంఆర్‌ఐ లేదా తక్కువ మోతాదు అమరిక ఎంచుకోవడానికి.